చర్మం కూడా ఒక ద్వారమే

ఒంటికి తగిలిన మందు మండితేనే ప్రమాదమని మనలో చాలామంది అనుకుంటాం. మండకుండా హాని చేసేవీ ఉన్నాయి. పాడి పనిలో మన చేతికి తగిలే మూడింటిని ఈ పాఠంలో తెలుసుకుందాం.

1. గంధకామ్లం: వెన్న శాతం తేల్చే గర్బర్ పరీక్షలో 10 మి.లీ. ఆమ్లం మీద 10.75 మి.లీ. పాలు, 1 మి.లీ. ఎమైల్ ఆల్కహాలు పోస్తాం. సుమారు 90 శాతం గాఢత గల ఈ ఆమ్లం చర్మాన్ని వెంటనే కాలుస్తుంది. ఊపేటప్పుడు బ్యూటిరోమీటరు బాగా వేడెక్కి బిరడా ఎగిరిపడవచ్చు. గుడ్డ చుట్టి, బిరడా అదిమిపట్టి, ముఖానికి దూరంగా ఊపాలి. ఆమ్లాన్ని నోటితో పీల్చరాదు.

2. కాస్టిక్ సోడా: పాత్రలు కడిగే ఈ సోడా నీళ్లు చేతికి జారుడుగా తగులుతాయి. ఆ జారుడు మన చర్మంలోని కొవ్వే సబ్బుగా మారడం! నొప్పి తెలిసేలోగా పుండు లోతుకు దిగవచ్చు. సోడాను నీళ్లలో కొద్దికొద్దిగా వేయాలి. సోడా మీద నీళ్లు పోయరాదు.

3. పిడుదుల మందు: పశువులకు పూసే మందులలో, పైరుకు కొట్టే మందులలో ఆర్గానోఫాస్ఫేట్ జాతివి మంట లేకుండానే చర్మం గుండా రక్తంలో కలుస్తాయి. ఒంటిమీద అన్నిచోట్లా చర్మం ఒకటి కాదు. పారథియాన్ మందుతో జరిపి 1971లో ప్రకటించిన పరీక్షలో ముంజేతి కంటే చంక 7 రెట్లు, వృషణాల చర్మం 11 రెట్లకు పైగా పీల్చుకున్నట్లు తేలింది. కనుక మందుతో తడిసిన పంచెను పని ముగిసేదాకా ఉంచుకోరాదు. వెంటనే విప్పి, సబ్బుతో స్నానం చేయాలి. గుడ్డ తొడుగులు మందును పీల్చుకొని చేతికే అంటిస్తాయి. చిల్లులు లేని రబ్బరు తొడుగులే వాడాలి.

ప్రమాదం జరిగితే: తడిసిన బట్టలు తీసి, కనీసం 20 నిమిషాలు ధారగా నీళ్లు పోయాలి. కంట్లో పడినా ఇంతే. సున్నం, నూనె, పసుపు పూయరాదు. కాలిన గాయమైతే కడిగాక డాక్టరుకు చూపాలి. మందు కొట్టినవారికి చెమటలు, చొంగ, వాంతులు, చూపు మసకబారడం కనబడితే మందు డబ్బాతో సహా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

సంఘాలకు మా మనవి: రబ్బరు తొడుగులు, కళ్లద్దాలు, ముందు కట్టుకునే రబ్బరు గుడ్డ, పరీక్ష బల్ల పక్కనే నిండు నీళ్ల తొట్టి ఉండాలి. వీటిని సంఘం సొమ్ముతో కొనాలి; పరీక్షకుని జీతంలో కోయరాదు. మన పాలకు సరైన ధర కట్టే చేతులవి. వచ్చే పాలకవర్గ సమావేశంలోనే ఈ విషయం తీర్మానించగలరు.