పర్మిట్ ఎవరి చేతిలో ఉంది?

అమ్మడూ,

"పని చూపించినా సిరియా శరణార్థులు ముందుకు రాలేదు, సాయానికి అలవాటు పడిపోయారు" అన్న నీ ముసాయిదా వాక్యం కింద నువ్వే గీత గీసి, ఉంచనా తీసెయ్యనా పెదనాన్నా అని అడిగావు. తీసెయ్యి తల్లీ. అనుమానం వచ్చినందుకు సంతోషమే గానీ, అంత పెద్ద మాట ముందు రాసేసి తర్వాత అనుమానించడం ఏం పద్ధతి? ఒక మనిషి పని వద్దన్నాడంటే ఆ పని ఎక్కడుంది, ఎంత గిట్టుతుంది, నచ్చకపోతే మానుకునే వీలుందా అని చూడాలి. జోర్డాన్‌లో 2012 జూలైలో తెరిచిన జాతరీ శిబిరాన్నే తీసుకో. అక్కడికి చేరినవాళ్ళు వీధి దీపాల తీగల నుంచి కరెంటు లాక్కుని, తలదాచుకోవడానికిచ్చిన రేకు గదుల్ని దుకాణాలుగా మార్చుకుని ఒక బజారే లేపారు. కూరగాయలు, సెల్‌ఫోన్ రిపేర్లు, చివరికి పెళ్ళి గౌన్లు అద్దెకిచ్చే కొట్లు కూడా వెలిశాయి. డమాస్కస్‌ను అరబ్బీలో 'షామ్' అంటారు కదా, ఆ మాటను పారిస్ వీధి పేరుతో కలిపి ఆ బజారును 'షాంజెలీజే' అని పిలుచుకున్నారు. వీళ్ళనా సాయానికి అలవాటు పడ్డవాళ్ళంటావు?

మరి ఫ్యాక్టరీలకు ఎందుకు రాలేదు? 2016 ఫిబ్రవరిలో లండన్ సదస్సులో కుదిరిన ఒప్పందం ప్రకారం జోర్డాన్ సిరియన్లకు 2 లక్షల ఉపాధి అవకాశాలు చూపాలి. బదులుగా నిధులు వస్తాయి, అక్కడి పారిశ్రామిక వాడల్లో తయారైన సరుకుకు ఐరోపా మార్కెట్ తలుపులు తెరుచుకుంటాయి. కాకపోతే ఫ్యాక్టరీలో నూటికి 15 మంది సిరియన్లు ఉండాలి. లెక్క కాగితం మీద బాగానే ఉంది. ఆ ఫ్యాక్టరీల్లో ఎక్కువ భాగం బట్టలు కుట్టేవి. బంగ్లాదేశ్, శ్రీలంక, నేపాల్, మన దేశం నుంచి వెళ్ళి హాస్టళ్ళలో ఉంటూ ఓవర్‌టైమ్ చేసే ఆడపిల్లల మీద నడుస్తున్న పరిశ్రమ అది. జీతం తక్కువ, ప్రయాణం దూరం. ముగ్గురు పిల్లల తల్లి పొద్దున్నే బస్సెక్కి ఇర్బిద్ దగ్గరి అల్ హసన్ వాడకు వెళ్తే ఇంట్లో పిల్లల్ని ఎవరు చూస్తారు? అదే తల్లి వంకాయలు ఉడకబెట్టి, ఉప్పు పట్టించి, నీరంతా పిండి, అక్రోట్లూ మిరపా కూరి ఆలివ్ నూనెలో ఊరేసి 'మక్దూస్' సీసాలు అమ్ముకోగలదు. కానీ ఇంట్లో వంటకాలు, కుట్లు, చేతిపనులు చేసుకుని అమ్మడానికి సిరియన్లకు లైసెన్సు తీసుకునే దారి 2018 నవంబరులో గానీ తెరుచుకోలేదు. మొదటి ఏళ్ళలో పని పర్మిట్లు తీసుకున్నవాళ్ళలో ఆడవాళ్ళు నూటికి ఐదారుగురే ఉన్నారంటే తప్పు వాళ్ళ బద్ధకానిదా, వాళ్ళకు చేతనైన పనిని వదిలేసి చేతకాని పని ముందు పెట్టిన ఏర్పాటుదా?

ఇంతకన్నా లోతైన సంగతి ఒకటుంది, అది నీ ముసాయిదాలో ఎక్కడా లేదు. పర్మిట్ ఒక్క యజమానికే కట్టేసి ఉండటం. గల్ఫ్‌కు మనుషుల్ని పంపే కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ పల్లెల్లో ఎవరినడిగినా ఇది చెప్తారు. కఫీల్ (వీసాకు పూచీపడ్డ యజమాని) అంటే ఏమిటో, పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో ఉంటే ఎలా ఉంటుందో, జీతం రాక బయటికొచ్చి కాగితాల్లేని 'ఖల్లివెల్లి' అయినవాడి బతుకేమిటో అక్కడ విడమరిచి చెప్పక్కర్లేదు. డబ్బులు పోసి 'ఆజాద్ వీసా' కొనేది కూడా ఇందుకే. చట్టంలో అలాంటి వీసా లేదు, మోసాలూ ఎక్కువే, అయినా కొంటారు. నచ్చినచోట పని చేసుకునే వీలుకు అంత విలువ ఉంది మరి. ఖతార్ 2020లో, పాత యజమాని అనుమతి లేకుండా పని మారొచ్చని చట్టం మార్చింది. అమలులో ఎన్ని లోపాలున్నా, ఆ మార్పు ఎందుకు కావలసివచ్చిందో గల్ఫ్‌కు మనిషిని పంపిన ఏ ఇల్లైనా చెప్పగలదు. అలాంటి నేల నుంచి వెళ్ళి సాంఘిక సేవ చదువుతున్న పిల్లవి, పర్మిట్ అనగానే అది ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న నీకు తట్టకపోవడం నాకు కష్టంగా ఉంది.

జోర్డాన్‌లో ఈ ముడి కొంతైనా విప్పింది వ్యవసాయ సహకార సంఘాలు. టమాటా కోత కూలి చలికాలం జోర్డాన్ లోయలో ఉంటాడు, ఎండాకాలం మఫ్రక్ మెరకల వైపు పోతాడు. ఏడాదిలో ఎన్ని పొలాలు మారతాడో, అతని పర్మిట్ మీద ఒక్క రైతు పేరు రాస్తే ఏం లాభం? అంతర్జాతీయ కార్మిక సంస్థ తోడ్పాటుతో, రైతు బదులు సహకార సంఘమే పర్మిట్ ఇప్పించడం మొదలుపెట్టింది. తర్వాత భవన నిర్మాణంలో కార్మిక సంఘాల సమాఖ్య ఆ పని చేసింది. యజమాని లేని పర్మిట్‌కు జవాబుదారీ ఎవరని నువ్వడుగుతావు. న్యాయమైన ప్రశ్నే. ఆ పర్మిట్ ఉన్నంత మాత్రాన సామాజిక భద్రత దక్కలేదు, కొందరికి అది పోలీసు ఆపితే చూపించే కాగితంగానే మిగిలింది. అయినా కూలి ఎగ్గొట్టిన రైతును వదిలి పక్క పొలానికి పోగల మనిషికి, పోలేని మనిషికి చాలా తేడా ఉంది. సాయం చేసే సంస్థ ఆ తేడా కోసం ముందు పోట్లాడాలి, శిక్షణ తరగతుల సంగతి తర్వాత. స్థానికులకే పనుల్లేవు, వీళ్ళకు తలుపు తెరిస్తే వాళ్ళ నోటికాడి కూడు పోదా అన్నది ఇంకో అభ్యంతరం. ఆ భయాన్ని నేను తేలిగ్గా కొట్టిపారెయ్యను. కానీ తలుపు మూస్తే శరణార్థి పని మానడు, చాటుగా చేస్తాడు. చాటుగా చేసేవాడు తక్కువ కూలికి ఒప్పుకోక తప్పదు, ఫిర్యాదు చెయ్యలేడు. స్థానిక కూలీ రేటు పడేది అక్కడే.

నీ పట్టికలో 'జారీ అయిన పర్మిట్లు' అని ఒకే గడి ఉంది. పర్మిట్ ఏటా కొత్తది చేయించుకోవాలి కాబట్టి 2021లో ఇచ్చిన 62 వేలూ కొత్త కొలువులని పొరపడకు. ఆ గడిని మూడు చెయ్యి: యజమాని ద్వారా వచ్చినవి, సహకార సంఘం ద్వారా వచ్చినవి, యూనియన్ ద్వారా వచ్చినవి. ఆడవాళ్ళ లెక్క విడిగా చూపించు. పట్టిక అయ్యాక ఆ పేజీ మళ్ళీ రాసి పంపు, చదువుతాను.

మీ పెదనాన్న