లైబ్రరీలో ఇల్లు లేనివారు: పాపను తీసుకెళ్లడం మానేయాలా?

ప్రశ్న: మేం అమెరికాలో ఉంటున్నాం. మా డౌన్‌టౌన్ లైబ్రరీలో ఇల్లు లేనివాళ్లు మూటాముల్లెలతో రోజంతా కూర్చుంటారు. చుట్టుపక్కల వీధుల్లోనూ వాళ్లే. తొమ్మిదేళ్ల పాపను తీసుకెళ్లాలంటే భయంగా ఉంది. వాళ్లను రాకుండా ఆపలేరా?
– ఒక తల్లి

జవాబు: మీ భయం సహజమేనమ్మా. కానీ వాళ్లు అక్కడికే ఎందుకొస్తారో చూడండి. చాలా షెల్టర్లు రాత్రి పడుకోనిచ్చి పొద్దున్నే పంపేస్తాయి. పైసా ఖర్చు లేకుండా వెచ్చదనం, మంచినీళ్లు, టాయిలెట్, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవడానికి కంప్యూటర్ దొరికే చోటు లైబ్రరీయే.

ఇల్లు లేదన్న కారణంతో ఎవరినీ గెంటేయలేరు. న్యూజెర్సీలోని మోరిస్‌టౌన్ లైబ్రరీ కేసులో 1992లో ఫెడరల్ అప్పీలు కోర్టు, సమాచారం అందుకోవడం రాజ్యాంగ హక్కని చెప్పింది. ఇతరులకు ఇబ్బంది కలగకుండా లైబ్రరీ నియమాలు పెట్టుకోవచ్చనీ ఒప్పుకుంది. నియమం నడవడికకే గానీ పేదరికానికి కాదు.

శాన్‌ఫ్రాన్సిస్కో పబ్లిక్ లైబ్రరీ 2009లో సోషల్ వర్కర్‌ను తెచ్చుకుంది. ఒకప్పుడు వీధిన బతికినవాళ్లకే పని ఇచ్చి, తోటివారికి షెల్టరు, వైద్యం దొరికే దారి చూపిస్తోంది. తర్వాత ఎన్నో ఊళ్లు ఆ బాట పట్టాయి.

మీరు పాప పక్కనే ఉండండి, పిల్లల విభాగంలో కూర్చోండి. ఎవరైనా వేధిస్తే వెంటనే సిబ్బందికి చెప్పండి. ప్రాణాపాయమైతే 911కు ఫోన్ చేయండి. లైబ్రరీ బోర్డు సమావేశానికి వెళ్లి, మాకూ సోషల్ వర్కర్ కావాలని అడగండి. పాపను మాత్రం పుస్తకాలకు దూరం చేయకండి.