ఏప్రిల్ ఎండ, ఆగస్టు సముద్రం

నా దగ్గర పదో తరగతి చదివిన కుర్రవాడొకడు ఇప్పుడు ఇంగ్లండులో ఉద్యోగం చేస్తున్నాడు. నిరుడు ఫోన్ చేసి, "మాస్టారూ, పోర్చుగల్ దక్షిణ తీరంలో అల్గార్వ్ అనే ప్రాంతానికి పిల్లలతో ఓ వారం వెళ్దామనుకుంటున్నాం. ఇక్కడి బడులకు ఏప్రిల్‌లో రెండు వారాలూ, ఆగస్టంతా సెలవులే. ఏప్రిల్‌లో అయితే ఖర్చు తక్కువ. ఎండ ఎలాగూ ఉంటుంది కదా!" అన్నాడు.

అల్గార్వ్ నేను చూడలేదు. అయినా ఒక అట్లాసూ, మీ బడి భౌతికశాస్త్రమూ ఉంటే చాలావరకు ఇంట్లో కూర్చునే చెప్పవచ్చు. మీరూ అట్లాసు తెరవండి. అల్గార్వ్‌లో ముఖ్య పట్టణం ఫారో. దాని అక్షాంశం 37 డిగ్రీల ఉత్తరం.

ముందు ఎండ సంగతి. ఏప్రిల్ 21న సూర్యుడు సుమారు 12 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, అంటే మన చెన్నైకి కాస్త దక్షిణాన, నడినెత్తికి వస్తాడు. 37లో 12 తీసివేస్తే 25. కాబట్టి ఆ మధ్యాహ్నం ఫారోలో సూర్యుడు నడినెత్తికి 25 డిగ్రీలు దిగువన, అంటే క్షితిజానికి 65 డిగ్రీల ఎత్తున ఉంటాడు. మరి ఆగస్టు 21న? జూన్ 21 దాకా ఉత్తరానికి పోయిన సూర్యుడు మళ్ళీ అదే దారిన వెనక్కి వస్తాడు. సరిగ్గా రెండు నెలలకు అదే చోటికి చేరతాడు. కాబట్టి మళ్ళీ 65 డిగ్రీలే! పగటి పొడవు కూడా రెండు రోజుల్లోనూ ఒకటే.

"చూశారా, నేను చెప్పిందే రైటు" అన్నాడు మావాడు. కాదు. ఏప్రిల్‌లో అక్కడి సముద్రపు నీరు సుమారు 16, 17 డిగ్రీల సెంటీగ్రేడు. ఆగస్టులో 22 వరకు ఉంటుంది. ఎండ ఒకటే అయినప్పుడు ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది?

ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడి చెయ్యడానికి ఒక కేలరీ కావాలి. పొడి ఇసుకకు అందులో దాదాపు ఐదో వంతు చాలు. పైగా ఇసుకలో పైపొరే వేడెక్కుతుంది. నీటిలోనైతే వెలుతురు లోపలికి దిగుతుంది, అలలు పైనీటినీ కింది నీటినీ కలిపేస్తాయి, అంత లోతూ వేడెక్కాలి. అందుకని సముద్రం చలికాలపు చల్లదనాన్ని ఏప్రిల్ దాకా మోస్తుంది, జూన్ ఎండను ఆగస్టు, సెప్టెంబరుల్లో బయటపెడుతుంది. ఏప్రిల్ సూర్యుడు ఎదురుచూసేది చలి తిన్న సముద్రాన్ని. ఆగస్టు సూర్యుడికి దొరికేది అప్పటికే కాగిన సముద్రం.

వానా అంతే. ఫారోలో ఏడాదికి కురిసేది సుమారు 500 మిల్లీమీటర్లు. జూలై, ఆగస్టుల్లో దాదాపు చినుకు ఉండదు. మనకు నైరుతి రుతుపవనాలు కుండపోతగా కురిసే నెలలే అక్కడ ఎండు నెలలు! అట్లాంటిక్‌లో అజోర్స్ దీవుల దగ్గర ఒక పెద్ద అధిక పీడన ప్రాంతం ఉంటుంది. వేసవిలో అది ఉత్తరానికి జరిగి విస్తరిస్తుంది. అందులో గాలి పైనుంచి కిందికి దిగుతుంది. దిగే గాలి వేడెక్కుతుంది, మబ్బు కట్టదు. చలికాలంలో అది దక్షిణానికి జరిగితే అట్లాంటిక్ తుపానులకు దారి దొరుకుతుంది. ఏప్రిల్ ఈ రెండింటి మధ్య నెల. ఎండ కాయవచ్చు, వానా పడవచ్చు.

ఆగస్టే అని తేల్చాం. కానీ తీరంలో ఎక్కడ? ఇదే అసలు ప్రశ్న. తొందరపడి టిక్కెట్టు కొనవద్దన్నాను.

పశ్చిమపు ఒడ్డు ఈతకు చల్లన. అక్కడ వేసవిలో ఉత్తరపు గాలి తీరం వెంట వీస్తుంది. భూభ్రమణం వల్ల పైనీరు గాలికి కుడివైపుకు, అంటే పడమట నడిసముద్రంలోకి జరుగుతుంది. ఆ ఖాళీని నింపడానికి అడుగునుంచి చల్లని నీరు పైకి వస్తుంది. ఆ నీటితో లవణాలు వస్తాయి, వాటితో నాచుజీవులు పెరుగుతాయి, వాటిని తిని చేపలు. పోర్చుగీసువాళ్ళు నిప్పుల మీద కాల్చుకు తినే సార్డీన్ల వెనుక ఈ చల్లనీరే ఉంది.

దక్షిణపు ఒడ్డున లాగోస్ నుంచి ఆల్బుఫేరా దాకా బొమ్మల్లో కనబడే బంగారు రంగు కొండచరియలున్నాయి. ప్రాచీన సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయి అది. వాననీరు గాలిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకొని ఆ రాతిని కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. అలలు పాదాన్ని తొలిచేస్తాయి. గుహలూ, తోరణాలూ అలా పుట్టినవే. అలాగే ఒకరోజు చరియ కూలుతుంది కూడా. 2009 ఆగస్టులో ఆల్బుఫేరా దగ్గర ఒక బీచిలో కొండచరియ విరిగిపడి ఐదుగురు చనిపోయారు. చరియ ఎంత ఎత్తుందో దానికి ఒకటిన్నర రెట్లు దూరంలో కూర్చోమని అక్కడ హెచ్చరిస్తారు. 20 మీటర్ల చరియకు 30 మీటర్లు. ఇక్కడొక చిక్కుంది. అల్గార్వ్ వాతావరణం మధ్యధరా తరహాదే గాని సముద్రం అట్లాంటిక్. పున్నమి, అమావాస్యల్లో ఆటుకూ పోటుకూ తేడా మూడు మీటర్లు దాటుతుంది. ఆటు వేళ విశాలంగా కనిపించిన ఇసుక పోటు వేళ సన్నబడిపోతుంది. జనం తెలియకుండానే చరియ కిందికి జరుగుతారు.

"చిన్నపిల్లలతో వెళుతున్నావు. ఫారోకు తూర్పున తవీరా వైపు వెళ్ళు" అన్నాను. అక్కడ రియా ఫొర్మోజా అనే కయ్య ఉంది. దాని ముందు పొడవాటి ఇసుక దీవులు. చరియలు లేవు, నీరూ కాస్త వెచ్చన. బొమ్మల్లో పడే గుహలు లేవని వాడి భార్యకు కొంచెం అసంతృప్తి. పడవలో వెళ్ళి గుహలు ఒక పూట చూసి రమ్మన్నాను.

ఆగస్టు 21న అక్కడి నుంచే ఫోన్. ఈసారి వాడి కూతురు. "తాతగారూ, మీ లెక్క తప్పు! మీటరు కర్ర నీడ 47 సెంటీమీటర్లు ఉండాలన్నారు. పన్నెండింటికి కొలిచాను, 65 ఉంది."

"ఇంకో గంటన్నర ఆగి కొలువమ్మా. అంతదాకా నీడలో కూర్చో" అన్నాను.

ఒంటిగంటన్నర దాటాక నీడ 47కు వచ్చింది. ఫారో రేఖాంశం 8 డిగ్రీల పశ్చిమం. వేసవిలో పోర్చుగల్ గడియారాలను ఒక గంట ముందుకు తిప్పుతారు. మరి అక్కడి మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు ఎందుకయిందో మీరు లెక్క కట్టండి. ఒక డిగ్రీకి 4 నిమిషాలు.