రేపటి ఆపరేషన్ ఖర్చు ఇవాళే అడగాలి

ప్రశ్న: కోల్‌కతా ఖిదిర్‌పూర్‌లో మా నాన్నగారిని లారీ గుద్దింది. తొడ ఎముకలో రాడ్ వేశారు, తర్వాత తీయాలట. ఇంకా పెట్టని ఆ ఖర్చును పరిహారంలో అడగవచ్చా?
- ఒక పాఠకుడు

జవాబు: అడగవచ్చు. కాదు, అడిగి తీరాలి. తుది తీర్పు వచ్చాక ‘మళ్లీ ఖర్చయింది’ అంటూ మోటారు ప్రమాదాల పరిహార ట్రిబ్యునల్ గడప తొక్కే వీలు లేదని నాగప్ప కేసులో (2003) సుప్రీంకోర్టు తేల్చేసింది.

చిక్కంతా రుజువు దగ్గరే. ‘ముందు ముందు చికిత్స అవసరం’ అన్న ఒక్క ముక్క సర్టిఫికెట్ పెద్దగా పనికిరాదు. రాడ్ ఎప్పుడు తీయాలి, ఆసుపత్రిలో ఎన్ని రోజులుండాలి, ఆపరేషన్‌కు, మందులకు, ఫిజియోథెరపీకి ఎంతవుతుంది, ఇవన్నీ విడివిడిగా రాసిన అంచనా డాక్టరు లెటర్‌హెడ్ మీద తీసుకోండి. ఆ డాక్టరుగారే వచ్చి సాక్ష్యం చెబితే మరీ మంచిది. తోడుండే మనిషి ఖర్చునూ, రానుపోను ఛార్జీలనూ వదలకండి.

మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద, మీ నివాసం కోల్‌కతా అయితే అక్కడి ట్రిబ్యునల్‌లోనే వేయవచ్చు. చట్టంలో ఉన్న గడువు ప్రమాదం జరిగిన నాటినుంచి ఆరు నెలలు. రాడ్ తీసేదాకా ఆగకుండా వెంటనే లాయరును కలవండి.