ల్యాగ్ ఎక్కడుంది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే ఫిర్యాదు చుట్టూ తిరిగాయి. పాత గొప్ప సినిమాలు స్లో, కొత్తవి పరుగో పరుగు, మేమేం చేయాలి అని. అందుకే వాటిని ఒకచోట చేర్చాను.

*సార్, 'పథేర్ పాంచాలి' చూడనివాడు సినిమా పిచ్చోడే కాదని ఫ్రెండ్స్ అంటే లాప్‌టాప్‌లో పెట్టాను. అరగంటకే నిద్రొచ్చేసింది. రెండోసారీ అంతే. నాకు టేస్టు లేనట్టేనా?*
*— డిగ్రీ విద్యార్థి, ఖమ్మం*

భోంచేసి, మంచమెక్కి, పొట్ట మీద లాప్‌టాప్ పెట్టుకుంటే ఏ సినిమాకైనా నిద్రొస్తుంది. టేస్టు సంగతి తర్వాత చూద్దాం.

మనకు అలవాటైన సినిమాలో ప్రతి సీనూ ఏదో ఒక పని మీద వస్తుంది. విలన్ పరిచయం, హీరోకి దెబ్బ, ఇంటర్వెల్‌కి మలుపు. సత్యజిత్ రాయ్ 1955లో తీసిన ఈ సినిమాలో చాలా సీన్లు ఏ పనీ లేనట్టు కనిపిస్తాయి. మిఠాయిలమ్మేవాడు కావడి భుజాన వేసుకుని వస్తాడు. అక్కాతమ్ముళ్లు దుర్గ, అపుల దగ్గర పైసా లేదు. వాడు కలిగినవాళ్ల ఇంటివైపు నడుస్తుంటే వీళ్లిద్దరూ వెనకాల, వీళ్ల వెనకాల ఒక కుక్క. ఆ ఊరేగింపు మొత్తం చెరువు నీళ్లలో తలకిందులుగా కనిపిస్తుంది. కథ అంగుళం కూడా కదలలేదు. కానీ కొనలేని పిల్లలకు మిఠాయి వెంట నడవడం కూడా ఒక పండగేనని మనకు తెలిసిపోయింది. దీన్ని డైలాగులో చెప్పించి ఉంటే ఎంత చప్పగా ఉండేదో ఊహించుకోండి.

ఇక చివర్లో సీను. (కథ చెప్పేస్తున్నానని తిట్టుకోకండి, సినిమా వచ్చి 70 ఏళ్లయింది.) తండ్రి హరిహర్ చాలాకాలానికి ఇల్లు చేరతాడు. కూతురు చనిపోయిన సంగతి అతనికి తెలియదు. భార్య సర్వజయ ఏమీ మాట్లాడదు, నీళ్లు తెచ్చి పెడుతుంది. అతను తెచ్చిన వస్తువులు ఒక్కొక్కటే తీసి చూపిస్తూ దుర్గ కోసం తెచ్చిన చీర చేతిలో పెడతాడు. అక్కడ ఆమె కుప్పకూలుతుంది. నోరు తెరిచి ఏడుస్తుంది కానీ మనకు ఏడుపు వినిపించదు. ఆ చోట రవిశంకర్ సంగీతంలోంచి తార్ షెహనాయి ఒక్కటే అరుస్తుంది. అది తగలాలంటే అంతకుముందు చాలాసేపు మనం ఆ ఇంట్లో కాపురం చేసి ఉండాలి. దుర్గ దొంగతనంగా తెచ్చి ముసలి అత్తకిచ్చిన జామకాయలు గుర్తుండాలి. మీరు నిద్రపోయింది సరిగ్గా ఆ కాపురం జరుగుతున్నప్పుడు.

సెలవు రోజు సాయంత్రం, ఫోను పక్క గదిలో పెట్టి ఇంకొక్కసారి చూడండి. అప్పటికీ పట్టకపోతే వదిలేయండి. రాయ్ గారికేం నష్టం లేదు, మీకూ లేదు.

*'పుష్ప 2' మూడు గంటల ఇరవై నిమిషాలు. ఒక్కసారి కూడా టైం చూసుకోలేదు. రెండు గంటల పాత సినిమా మాత్రం గడవదు. ఎందుకంటారు?*
*— భీమవరం*

గడియారానికీ బోరుకీ సంబంధం లేదు కాబట్టి. మీరు చూసిన 'పుష్ప 2' కంటే ఒక్క నిమిషం ఎక్కువ, 201 నిమిషాల సినిమా ఒకటుంది. షాంతాల్ అకర్మాన్ అనే బెల్జియం దర్శకురాలు పాతికేళ్ల వయసులో తీసిన 'జాన్ డీల్‌మన్'. 1975లో వచ్చింది. బ్రస్సెల్స్‌లో ఒక వితంతువు, కొడుకు, మూడు రోజులు. ఆమె వంట చేస్తుంది, గిన్నెలు తోముతుంది, పక్క సర్దుతుంది, మధ్యాహ్నం పూట డబ్బు కోసం ఒక్కో మగవాణ్ని ఇంటికి రానిస్తుంది. బంగాళదుంపల తొక్క తీస్తుంటే కెమెరా కదలకుండా చూస్తుంది. 2022లో బ్రిటిష్ పత్రిక 'సైట్ అండ్ సౌండ్' విమర్శకుల ఓటింగులో ఇదే మొదటి స్థానంలో నిలిచింది.

రెండో రోజు ఆ దుంపలు ఎక్కువ ఉడికి పాడైపోతాయి. ఆమె గిన్నె పట్టుకుని ఎక్కడ పెట్టాలో తోచక గది నుంచి గదికి తిరుగుతుంది. మొదటి రోజు పద్ధతంతా దగ్గరుండి చూసిన మనకు గుండె జారుతుంది. బాంబు పేలలేదు, దుంపలు మెత్తబడ్డాయంతే!

'పుష్ప 2' తీసిన సుకుమార్ దారి వేరు. కాసేపటికోసారి ఒక ఎలివేషన్ చేతిలో పెట్టి మనల్ని కూర్చోబెడతాడు. అది చులకన చేయాల్సిన విద్య కాదు. పైగా గంగమ్మ జాతర సీను తీసుకోండి. చీర కట్టిన పుష్పరాజ్ ఆటా, పూనకం ఎంతసేపు నడిచినా హాల్లో ఎవరూ 'ల్యాగ్' అనలేదు. నిదానం మీకూ ఇష్టమే, మీకు కావలసిన చోట ఉంటే.

ఒక మాట మాత్రం నిష్ఠూరమైనా చెప్పాలి. నటిని కిటికీ పక్కన నిలబెట్టి, వాన చూడమని చెప్పి, కెమెరా వదిలేసి టీకి వెళ్లిపోయే దర్శకులు మనకూ ఉన్నారు. దానికి ఫెస్టివల్ ముద్ర పడినంత మాత్రాన మీరు చప్పట్లు కొట్టాల్సిన పని లేదు.

*మావారు ఓటీటీలో అన్ని సినిమాలూ 1.5 స్పీడులో చూస్తారు. 'కథ తెలిస్తే చాలు కదా' అంటారు. మీరే చెప్పండి.*
*— నెల్లూరు*

కథే కావాలంటే వికీపీడియా ఇంకా ఫాస్టండీ. ఈసారి ఆయనకు ఇష్టమైన బ్రహ్మానందం కామెడీ సీను ఆ స్పీడులో పెట్టి చూపించండి. నవ్వు రావాల్సిన చోట ఆ మొహం ఒక్క క్షణం ఆగుతుందే, అది ఉండదు. మిగతాది ఆయనే చెబుతారు.

*'సత్యం సుందరం' నాకు ప్రాణం. నా స్నేహితులు సాగతీత అంటారు. తమిళంలో విడుదలయ్యాక నిడివి తగ్గించారట కదా, అంటే వాళ్లదే రైటా?*
*— డల్లాస్*

దాని తమిళ మాతృక 'మెయ్యళగన్' 2024 సెప్టెంబరులో తమిళనాట విడుదలైన కొద్దిరోజులకే దాదాపు 18 నిమిషాలు కత్తిరించిన మాట నిజం. రాత్రి కబుర్లలో కొంత వదులు ఉందని నాకూ అనిపించింది. కానీ కత్తెర వేయడంలో చిక్కుంది. అరవింద్ స్వామికి తనమీద అంత ప్రేమ కురిపిస్తున్నవాడి పేరు గుర్తురాదు. అడగడానికి మొహం చెల్లదు. కార్తి ఎంతసేపు మాట్లాడితే ఈయన సిగ్గు అంత పేరుకుంటుంది. అది పేరుకోకపోతే తెల్లవారుజామున చెప్పాపెట్టకుండా జారుకోవడం వట్టి అమర్యాదగా మిగిలిపోతుంది. మీ స్నేహితులకు సాగతీతగా తోచిన చోటే దర్శకుడు ప్రేమ్‌కుమార్ అసలు పని చేశాడని నా అభిప్రాయం. పది నిమిషాలు తగ్గినా నష్టం లేదనేది కూడా నా అభిప్రాయమే.

*పిల్లలకు 'మాయాబజార్' చూపిద్దామంటే పావుగంటకే లేచిపోతున్నారు. రంగుల ప్రింటు పెట్టాలా?*
*— రాజమహేంద్రవరం*

నలుపు తెలుపులోనే పెట్టండి. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లీ 1957లో తీసిన వెన్నెల 2010లో పూసిన రంగులకు లొంగలేదు. మొదటి నుంచి పెట్టకండి. మాయా శశిరేఖ అయిన సావిత్రి, ఘటోత్కచుడి నడకా దర్పం తెచ్చుకునే చోట మొదలుపెట్టండి. తర్వాత వెనక్కి వెళ్దామని వాళ్లే అంటారు. అన్నాక, ఇందులో పాండవులు ఎక్కడ కనిపిస్తారో వెతకమనండి. ఎక్కడా కనిపించరు!

*తెలుగులో అసలు అలాంటి నిదానమైన క్లాసిక్స్ ఉన్నాయా?*
*— హనుమకొండ*

ఉన్నాయి. బి.నర్సింగరావు 'దాసి' (1988) చూడండి. దొర గడీలో ఊడిగం చేసే కమలాక్షి కథ. అర్చన ఊడుస్తుంది, నీళ్లు మోస్తుంది, పిలిస్తే పోతుంది. మాటలు చాలా తక్కువ. ఆ చాకిరీని త్వరత్వరగా చూపించి ఉంటే అది మనకు చాకిరీలా అనిపించేదే కాదు. అర్చనకు జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. దాంతోపాటు ప్రేమ్‌చంద్ 'కఫన్' కథతో మృణాల్ సేన్ తెలుగులో తీసిన 'ఒక ఊరి కథ' (1977). తండ్రిగా వాసుదేవరావును చూసి తీరాలి. పని చేయనని భీష్మించుకున్న పేదవాణ్ని మన తెరమీద నేను అంతకుముందు చూడలేదు.

*మా వాట్సాప్ గ్రూపులో ప్రతి శుక్రవారం యుద్ధమే. బెనిఫిట్ షో అవ్వకముందే 'బ్లాక్‌బస్టర్', 'డిజాస్టర్'. గ్రూపులోంచి బయటికొచ్చేయనా?*
*— విశాఖపట్నం*

రాకండి. 1980 ఫిబ్రవరిలో 'శంకరాభరణం' విడుదలైనప్పుడు స్టార్ హీరో లేడు, మొదట్లో హాళ్లు వెలవెలబోయాయి. చూసొచ్చినవాళ్లు చెప్పబట్టే జనం కదిలారు. అప్పుడు వాట్సాప్ ఉండి ఉంటే మొదటి ఆటకే ఆ సినిమా కథ ముగిసేదేమో, లేక ఇంకా ముందే నిలబడేదేమో. గ్రూపులో ఒక చిన్న రూలు పెట్టి చూడండి. బోరు అన్నవాళ్లు ఏ సీను దగ్గర కొట్టిందో చెప్పాలి. క్లాసిక్ అన్నవాళ్లకూ అదే రూలు. సగం గొడవ అక్కడే చల్లారుతుంది. మిగతా సగం చదవడానికి బాగానే ఉంటుంది.