నీట్ రాకపోతే బైపీసీ దండగేనా?

"మా అమ్మాయికి బయాలజీ అంటే ప్రాణమండీ, అందుకే మళ్లీ లాంగ్‌టర్మ్‌లో వేశాం" అంటారు తల్లిదండ్రులు. బయాలజీ ఇష్టమైతే ఎంబీబీఎస్సే చదవాలా? ఏం చదువుతావని ఆ పిల్లని ఒక్కసారైనా అడిగారా? హాస్టల్ గదిలో ఇంకో ఏడాది, ఫీజుల కింద ఇంకొన్ని లక్షలు. ఈ మొండిపట్టు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

డాక్టర్ కాకుండానే బయాలజీతో చేసే పనులున్నాయి. ఒకటి చూడండి. క్యాన్సర్ రోగికి రేడియేషన్ ఇచ్చేది డాక్టరే. ఆ దెబ్బ నుంచి మంచి కణాల్ని కాపాడే మందు మాత్రం కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ ల్యాబుల్లో పుడుతుంది. కిరణం సోకగానే కణంలోని నీరు చీలి హైడ్రాక్సిల్ రాడికల్స్ పుడతాయి. అవి సెకనులో పదిలక్షలో వంతు కూడా ఉండవు, ఆలోపే డీఎన్ఏను తెంచేస్తాయి. కాబట్టి వాటిని అడ్డుకునే యాంటీఆక్సిడెంట్ ముందే అక్కడ కాపు కాయాలి. అమిఫాస్టిన్ అనే మందును రేడియేషన్‌కు 15-30 నిమిషాల ముందు నరానికి ఎక్కించేది అందుకే. మరి ఆ మందు క్యాన్సర్ గడ్డను కూడా కాపాడితే? ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ మందును పనిచేసే రూపంలోకి మారుస్తుంది. అది మామూలు కణజాలంలో ఎక్కువ, గడ్డలో తక్కువ. ఈ కిటుకు విని ఇంకో ప్రశ్న అడిగే పిల్లలకు ఇలాంటి మందులపై పరిశోధన చేసే రంగం సరిపోతుంది.

త్వరగా సెటిలవ్వాలనుకునేవాళ్లు మాత్రం ఇటు రావద్దు. అమెరికా సైన్యపు వాల్టర్ రీడ్ సంస్థ 4,000కు పైగా సమ్మేళనాలను జల్లెడ పడితే తేలిన మందు ఈ అమిఫాస్టిన్. రేడియేషన్ వల్ల నోరెండిపోవడాన్ని తగ్గించడానికి 1999లో అక్కడ అనుమతి దొరికింది. అయినా వాంతులు, బీపీ పడిపోవడం తప్పలేదు. ఇక్కడ పీహెచ్‌డీకే ఐదారేళ్లు పడుతుంది. జేఆర్ఎఫ్ అనే పరిశోధక ఫెలోషిప్ మొదట్లో నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం వేరు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న పెదనాన్న కొడుకుతో పోల్చే ఇంట్లో ఇది నిలవదు.

బీఎస్సీ లేదా బీఫార్మసీ, ఆపైన పీజీ, సీఎస్ఐఆర్ నెట్ లేదా గేట్: అర్హతల సంగతి ఇంతే. నా ఓటు నెస్ట్ ప్రవేశ పరీక్ష రాసి భువనేశ్వర్ నైసర్‌లో చేరడానికి, లేదా హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీకి. తర్వాత ముంబయి బార్క్, ఢిల్లీలోని డీఆర్‌డీవో వారి ఇన్మాస్ ఈ పనికి తగిన చోట్లు.

యాంటీఆక్సిడెంట్ పేరు చెప్పి, ప్లేస్‌మెంట్ గ్యారంటీ అని ఆన్‌లైన్ సర్టిఫికెట్లు అమ్మేవాళ్లూ ఉన్నారు. కణాలు పెంచడం, రేడియేషన్ డోసు లెక్కగట్టడం చేత్తో నేర్పుతారా అని అడగండి. నీళ్లు నమిలితే ఫీజు కట్టకండి.