సందేహాలు – సమాధానాలు: వూఫర్ గరగరమంటోందా?

ప్రశ్న: పన్నెండేళ్ల నాటి 10 అంగుళాల సబ్‌వూఫర్ మాది. ఈమధ్య సినిమా పెడితే చిరిగిన డప్పు మోగినట్టు ఉంటోంది. జాలీ ఊడదీసి చూస్తే కోన్ చుట్టూ ఉన్న స్పాంజి అంచు వేలు తగిలితే చాలు, పొడిపొడిగా రాలుతోంది. మెకానిక్‌ని అడిగితే 'కొత్తది కొనేయండి మాస్టారూ' అన్నాడు. పెన్షన్ మీద బతికేవాణ్ణి. వేరే దారి లేదా?
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, కాకినాడ

జవాబు: ఉంది మాస్టారూ. చవగ్గా తేలిపోయే రోగం కూడా ఇదే. ఆ అంచు పాలీయూరిథేన్ ఫోమ్. గాలిలోని తేమ ఏళ్ల తరబడి దాన్ని లోలోపలే కొరికేస్తుంది. వాడినా వాడకపోయినా, అటక మీద మూటకట్టి పెట్టినా అంతే. సముద్రం పక్కనున్న మీ ఊళ్లో ఆ పని ఇంకాస్త త్వరగా జరుగుతుంది. రబ్బరు అంచుకి ఈ తెగులు లేదు. పోయింది అంచు మాత్రమే, అయస్కాంతం, కోన్, కాయిల్ బాగానే ఉండొచ్చు. అది తేలేదాకా మాత్రం సెట్టు ఆన్ చెయ్యకండి. అంచు పట్టు తప్పితే కాయిల్ పక్కకి ఒరిగి ఇనుముకి రాసుకుంటుంది. ఇవాళ అంచు ఖర్చుతో పోయేది రేపు కాయిల్ దాకా పాకుతుంది.

ముందు ప్లగ్ పీకి, కాసేపు ఆగి, డ్రైవర్‌ని పెట్టెలోంచి బయటికి తీయండి. ఏ తీగ ప్లస్‌కి ఉందో పెన్నుతో గుర్తు పెట్టుకోండి. మల్టీమీటర్‌ని ఓమ్‌లలో పెట్టి రెండు కొసలకీ తాకించండి. 4 ఓమ్‌ల డ్రైవరైతే 3 నుంచి 3.6 మధ్య, 8 ఓమ్‌లదైతే ఆరు చుట్టుపక్కల చూపిస్తే కాయిల్ బతికున్నట్టే. మీటర్ ఏమీ చూపించకపోతే ఎక్కడో తెగింది. అయినా వెంటనే ఆశ వదులుకోకండి. కోన్ నుంచి కొసల దాకా వేలాడే అల్లిక తీగలు ఊగీ ఊగీ టాంకా దగ్గర తెగుతుంటాయి. అదైతే ఒక్క చుక్క సోల్డర్‌తో పోతుంది. ఇక రెండు బొటనవేళ్లు కోన్‌కి చెరో పక్కా ఆనించి, సమంగా, మెల్లగా లోపలికి నొక్కి వదలండి. అంచు లేదు కాబట్టి చెయ్యే దాన్ని నిలబెట్టాలి. నిటారుగా దిగినా గరగర వినిపిస్తే కాయిల్ దెబ్బతిన్నట్టు. మెత్తగా దిగి పైకొస్తే నిశ్చింతగా అంచు మార్పించండి.

అంచు రింగులు విడిగా అమ్ముతారు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో వెతికితే దొరుకుతాయి. '10 అంగుళాలది ఇవ్వండి' అని మాత్రం అడక్కండి. ఒక్కో కంపెనీ పది అంగుళాలు ఒక్కో తీరు. కోన్ అంచు నుంచి అంచుకి ఎంత, ఫ్రేమ్ మీద అంటించే చోటు ఎంత, రెండూ స్కేలుతో కొలుచుకెళ్లండి. పాత బంక గోకడం ఒక్కటే విసుగు పుట్టించే పని. స్పిరిట్‌లో ముంచిన దూదితో నానబెట్టి మొద్దు కత్తితో తీస్తే కాగితం కోన్ చిరగదు. తెల్ల బంక గానీ స్పీకర్ వాళ్లు వాడే రబ్బరు బంక గానీ వాడండి. చిటికెలో అతుక్కునే గమ్ దగ్గరికి రానివ్వకండి. అది రాయిలా బిగుసుకుపోయి, ఊగాల్సిన అంచుని ఊగనివ్వదు.

ముందు రింగుని కోన్‌కి అంటించి ఆరనివ్వాలి. తరవాత ఫ్రేమ్‌కి అంటించేటప్పుడే అసలు పరీక్ష. కాయిల్ తిరుగాడే సందు మిల్లీమీటర్‌లో కొంత భాగమే. కోన్ వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా రాసుకుంటుంది. పాత మెకానిక్‌లు మధ్యలో ఉన్న టోపీని బ్లేడుతో కోసి తీసి, ఎక్స్‌రే ఫిల్ములోంచి సన్నటి చీలికలు కోసి నాలుగు వైపులా సందులో దోపేవారు. బంక ఆరాక అవి లాగేసి టోపీ మళ్లీ అంటించేవారు. టోపీ కొయ్యడానికి మనసొప్పకపోతే, డ్రైవర్ తీగలు మళ్లీ సెట్టుకి కలిపి, ఫోన్లోంచి 30 హెర్ట్జ్ శబ్దం చాలా తక్కువ వాల్యూమ్‌లో పెట్టి, కోన్ ఊగుతుండగానే సర్దుతూ గరగర ఆగిన చోట ఉంచేయండి. ఒక రోజంతా ఆరాకే పాట.

ప్రశ్న: వినాయక నవరాత్రులకి మా ఇంటి సబ్‌వూఫర్ మండపంలో పెట్టాం. మూడో రోజు కాలిన వాసన వచ్చి ఆగిపోయింది. కొత్త డ్రైవర్ తెచ్చి బిగిస్తే రెండు నిమిషాలు 'మ్మ్' అని హోరుపెట్టి అదీ మాడిపోయింది. దుకాణదారు నకిలీ సరుకు అంటగట్టాడా?
– డిగ్రీ విద్యార్థి, వరంగల్

జవాబు: దుకాణదారుని అనకండి తమ్ముడూ. పాట లేకుండానే హోరుపెట్టి మాడిందంటే దొంగ పెట్టెలోనే, యాంప్లిఫయర్‌లో ఉన్నాడు. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ గానీ ఐసీ గానీ షార్ట్ అయితే లోపలి సప్లయి డీసీ నేరుగా స్పీకర్ తీగల్లోకి వచ్చేస్తుంది. కోన్ ఒకే పక్కకి పొడుచుకొచ్చి అక్కడే ఆగిపోతుంది, కాయిల్ హీటర్ తీగలా వేడెక్కుతుంది. మొదటి డ్రైవర్‌తో పాటే యాంప్ కూడా పోయి ఉంటుంది. రెండోది అది చూసుకోకుండా బిగించినందుకు బలైంది. ఇలా ఒకటి పోగానే ఇంకొకటి కొనుక్కొచ్చినవాళ్లు నా బల్ల ముందు బోలెడుమంది నిలబడ్డారు.

మూడోది కొనేముందు యాంప్‌ని మెకానిక్ దగ్గర పడేయండి. స్పీకర్ తగిలించకుండా, వాల్యూమ్ సున్నాలో పెట్టి, ఆ రెండు తీగల మధ్య డీసీ వోల్టేజి చూడమనండి. కొన్ని పదుల మిల్లీవోల్టులుంటే మామూలే. వోల్టుల్లో ఉంటే ముందు ఆ రిపేరు కానివ్వాలి. రిపేరయ్యాక కూడా మొదటిసారి సీరీస్ బల్బు మీదే ఆన్ చేయమనండి. పాతకాలపు 60 వాట్ల బల్బు భగ్గున వెలిగి అలాగే నిలబడితే లోపల ఇంకా షార్ట్ ఉన్నట్టు. వెలిగి వెంటనే మసకబారితే భయం లేదు. కరెంటు నేరుగా వచ్చే పని కాబట్టి ఇది మీరు చెయ్యొద్దు.

మొదటి డ్రైవర్ ఎందుకు మాడిందంటారా? బేస్ నాబ్ చివరిదాకా తిప్పేసి, యాంప్ శక్తికి మించి గంటల తరబడి లాగారు కాబట్టి. పెట్టె మీద వేలల్లో రాసే పీఎంపీఓ వాట్లు ఉత్త అంకెలు. ఆర్‌ఎంఎస్ అని ఉన్న అంకె ఎంతో చూడండి, అది గదికి సరిపోతుందేమో గానీ వీధికి చాలదు.

ప్రశ్న: ఎలుక కోన్‌కి రూపాయి బిళ్లంత కన్నం పెట్టింది. పారెయ్యాల్సిందేనా?
– గృహిణి, నంద్యాల

జవాబు: అక్కర్లేదమ్మా. టిష్యూ కాగితం చింపి, నీళ్లు కలిపిన తెల్ల బంకతో ముందూ వెనకా ఒక్కో పొర, ఆరాక ఇంకో పొర వెయ్యండి. అంచులు కత్తెరతో కాకుండా చేత్తో చింపితే అతుకు కలిసిపోతుంది. పైన నల్ల స్కెచ్ పెన్ను రాస్తే మీవారు కూడా కనిపెట్టలేరు. ఎలుక దూరింది గాలి గొట్టంలోంచే. దానికి దోమల జాలీ ముక్క అంటిస్తే గొట్టం ఊపిరాడక బుస కొడుతుంది. పెద్ద కన్నాల ఇనుప వల బిగించండి.

ప్రశ్న: మా హోమ్ థియేటర్ వూఫర్ కాయిల్ కాలిపోయింది. కంపెనీ డ్రైవర్ దొరకట్లేదు. తమ్ముడి కారులోంచి తీసిన 8 అంగుళాల వూఫర్ ఉంది, అది బిగించుకోవచ్చా?
– ప్రైవేటు ఉద్యోగి, కరీంనగర్

జవాబు: చాలామంది అలాగే బిగిస్తారు, మోగుతుంది కూడా. మోగడం వేరు, కుదరడం వేరు. ముందు పాత డ్రైవర్ వెనక చీటీ మీద ఎన్ని ఓమ్‌లో చూడండి. రెడీమేడ్ సెట్లలో 3, 6 లాంటి వింత అంకెలుంటాయి. కొత్తది అంతకన్నా తక్కువ ఓమ్‌లది కాకూడదు. 6 బదులు 8 పెడితే శబ్దం కాస్త తగ్గుతుంది, యాంప్ మాత్రం క్షేమం. 6 బదులు 3 పెడితే యాంప్ రెట్టింపు కరెంటు ఇవ్వాల్సి వచ్చి అది మాడుతుంది. కారు వూఫర్లలో చాలావాటికి రెండు కాయిళ్లుంటాయి. ఒక్కోటి 4 ఓమ్‌లైతే వరసగా కలిపితే 8, పక్కపక్కన కలిపితే 2. ఆ రెండోది ఇంటి యాంప్ జోలికి తేవద్దు.

ఇక పెట్టె సంగతి. పెట్టె కూడా వాద్యంలో భాగమే. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో, ఆ తరవాత 1970లలో రిచర్డ్ స్మాల్ కట్టిన లెక్కలే ఇవాళ్టికీ ఆధారం. డ్రైవర్ కాగితం మీద క్యూటీఎస్ అనే అంకె వెతకండి. 0.4 లోపు ఉంటే గొట్టం ఉన్న పెట్టెకి నప్పుతుంది. 0.5, 0.6 ఉంటే మూసిన పెట్టె కావాలి. అలాంటిదాన్ని గొట్టం పెట్టెలో పెడితే బేస్ బుడబుడమంటుంది, తబలా ఎక్కడ ఆగిందో తెలియదు. గొట్టంలో స్పాంజి బిగువుగా కుక్కితే కొంత దారికొస్తుంది. అయస్కాంతం వెనక పలకకి తగలకుండా లోతు సరిపోతుందో లేదో కొలిచాకే స్క్రూడ్రైవర్ పట్టండి.

కాలిన పాతదాన్ని మాత్రం తూకానికి వెయ్యకండి. అయస్కాంతం, ఫ్రేమ్ బాగుంటే కొత్త కాయిల్, కోన్ వేసి రీకోనింగ్ చేసేవాళ్లున్నారు. కొత్త డ్రైవర్ ధరలో సగం లోపు అడిగితే కళ్లు మూసుకుని ఇచ్చేస్తాను నేనైతే, ఎందుకంటే ఆ పెట్టెకి కొలతలు సరిపోయిన ఫ్రేమ్ అదొక్కటే.

ప్రశ్న: కొన్ని పాటలకే వూఫర్ గిలగిలమంటుంది. రెండుసార్లు విప్పి చూపించాం, లోపం లేదంటారు.
– పాఠకురాలు, విజయవాడ

జవాబు: అదే పాట పెట్టి, గదిలో వస్తువుల మీద ఒక్కొక్కటిగా చెయ్యి ఆనిస్తూ రండి: షోకేసు అద్దం, కిటికీ గొళ్లెం, ఫొటో ఫ్రేములు. ఒకరింట్లో నేనూ డ్రైవర్ రెండుసార్లు విప్పి బిగించాను. మూడోసారి ఆ ఇంటి పెద్దావిడ వచ్చి పూజగూట్లో పంచపాత్రలోంచి ఉద్ధరిణి తీసి పక్కన పెట్టారు.